నికెల్ ప్లేటింగ్ లైన్‌లో రిన్స్ (భాగాల్ని కడిగే) నీళ్లు బాగా తగ్గించాలి. నేరుగా ఆర్‌ఓ పెట్టాలా, ముందు చేయాల్సింది ఇంకేమైనా ఉందా?

నికెల్_ర్యాక్_లైన్:

నికెల్, దాని మీద క్రోమ్ వేసే చిన్న ర్యాక్ లైన్ ఇది, భాగాల్ని ర్యాకులకు తగిలించి ముంచుతాం. వాట్స్ బాత్ (నికెల్ సల్ఫేట్, నికెల్ క్లోరైడ్, బోరిక్ యాసిడ్ ద్రావణం), 58 డిగ్రీల సెల్సియస్, నికెల్ లోహం లీటరుకు 70 గ్రాములు. గంటకు 20 ర్యాకులు నడుస్తాయి. నికెల్ తర్వాత ఒక్కటే రన్నింగ్ రిన్స్ ఉంది. 800 లీటర్ల ట్యాంకు, కొళాయి గంటకు 2,400 లీటర్లు వదులుతోంది. ఆల్కలీ క్లీనర్ తర్వాత ఒకటి, యాసిడ్ పికిల్ (తుప్పు తీసే ఆమ్లం) తర్వాత ఒకటి, మళ్లీ విడివిడిగా రన్నింగ్ రిన్సులే.

నీళ్లు దొరకడమే కష్టంగా ఉంది, పైగా ఈటీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు) ఇంత నీటిని మోయలేకపోతోంది. వాడిన నీళ్లన్నీ ఆర్‌ఓతో తిప్పి వాడుకోవచ్చని సప్లయర్ అంటున్నారు. కొళాయి కొంచెం తగ్గించినా క్రోమ్ మీద మచ్చలు వస్తున్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

బాత్_కెమిస్ట్:

ఆర్‌ఓ సంగతి చివర్లో చూద్దాం. గంటకు 2,400 లీటర్లకు లెక్కకట్టి యూనిట్ కొన్నాక నీటి వాడకం వందకు దిగితే, పెట్టిన పెట్టుబడంతా అక్కర్లేని సైజు మీద పోయినట్టే. ముందు తెలియాల్సింది డ్రాగ్‌అవుట్. అంటే ఒక్కో ర్యాకు బాత్‌లోంచి ఎంత ద్రావణాన్ని ఒంటికి అంటించుకుని బయటికి తెస్తోందన్నది. మీరు నీళ్లు పోస్తున్నది దాన్ని పలచన చేయడానికే.

కొలవడం కష్టం కాదు. రిన్స్ ట్యాంకు ఖాళీ చేసి 800 లీటర్లు శుభ్రమైన నీళ్లు నింపండి. కొళాయి కట్టేసి, ఎప్పుడూ నడిచే వేగంతోనే 20 ర్యాకులు పంపండి. ఆ ర్యాకుల్ని క్రోమ్‌కు పంపే ముందు వేరే నీళ్లలో మళ్లీ కడగండి. తర్వాత ట్యాంకును బాగా కలిపి 25 మిల్లీలీటర్లు తీయండి. అమ్మోనియా, మ్యూరెక్సైడ్ (రంగు మారే సూచిక) వేసి 0.01 మోలార్ ఈడీటీఏతో (నికెల్‌ను పట్టుకునే రసాయనం) టైట్రేషన్ చేయండి. పసుపు నుంచి ఊదాకు మారినచోట ఆపాలి. ఒక మిల్లీలీటరు ఈడీటీఏ అంటే 0.587 మిల్లీగ్రాముల నికెల్. ఉదాహరణకు 8.9 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి, రిన్స్ నీళ్లలో నికెల్ లీటరుకు 0.21 గ్రాములన్నమాట. 800 లీటర్లకు 168 గ్రాములు. దాన్ని 70తో భాగిస్తే 2.4 లీటర్ల బాత్ ద్రావణం, అంటే ర్యాకుకు 120 మిల్లీలీటర్లు. మీ కొళాయి వేగం చూస్తే మీకూ దీని చుట్టుపక్కలే రావచ్చు. అయినా కొలిచి చూడండి, అంచనా మీద పైపులు వేయొద్దు.

ఈ 168 గ్రాములు గంటకు పోతున్న లోహం. నికెల్ ఖనిజంలో లోహం సాధారణంగా 1 నుంచి 2 శాతమే ఉంటుంది. మురుగులో కలిసే ప్రతి కిలో నికెల్ వెనక 50 నుంచి 100 కిలోల ఖనిజం తవ్వి ఉంటారు. నీళ్ల కంటే ఇది పెద్ద నష్టం, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

తగ్గించే చోటు బాత్ పైనే ఉంది. ర్యాకును ఒక్క గుంజుతో లేపితే మందమైన పొర పైకి వస్తుంది. నెమ్మదిగా లేపి, బాత్ మీదే 10 నుంచి 15 సెకన్లు ఆపండి. అంతకంటే ఎక్కువ ఆపితే వేడికి నికెల్ ఆరిపోయి పాసివ్ అవుతుంది (పైన పల్చని పొర కడుతుంది), దాని మీద క్రోమ్ తెల్లగా, పాలపాలగా పడుతుంది. ఆరకుండా బాత్ మీదే డీఐ (లవణాలు తీసేసిన) నీటి పొగమంచు స్ప్రే కొట్టొచ్చు, ఆ నీళ్లు బాత్‌లోకే పోతాయి. భాగాల్ని ర్యాకుకు తగిలించేటప్పుడు ఒక మూల కిందికి ఉండేలా వంచి కట్టండి. చదునుగా, అడ్డంగా వేలాడే అంచు దగ్గర చుక్క పట్టుకుని కూర్చుంటుంది. గిన్నెలా ఉన్న భాగాలను బోర్లా తగిలించాలి, కుదిరితే కస్టమర్‌ను అడిగి ద్రావణం కారిపోయే చిన్న రంధ్రం పెట్టించుకోవాలి. వెట్టింగ్ ఏజెంట్ (ద్రావణం తేలిగ్గా జారేలా చేసే రసాయనం) తగ్గితే కూడా డ్రాగ్‌అవుట్ పెరుగుతుంది. రెండు ట్యాంకుల మధ్య ఖాళీలో బాత్ వైపు వాలుగా డ్రిప్ బోర్డు పెట్టండి. ఆ సందులో పడే చుక్కలు నేల మీద నుంచి నేరుగా ఈటీపీకి పోతున్నాయి. 120 మిల్లీలీటర్లు 75కు దిగడం వీటితోనే సాధ్యం.

పైపులైన్_డిజైన్:

పైన చెప్పిన 2.4 లీటర్లనే తీసుకుని చూద్దాం. చివరి రిన్స్‌లో బాత్ కంటే వెయ్యో వంతు పలచన కావాలంటే ఒక్క ట్యాంకుతో గంటకు 2.4 × 1,000 = 2,400 లీటర్లు కావాలి. మీ కొళాయి సరిగ్గా అక్కడే ఉంది. అందుకే కాస్త తిప్పగానే మచ్చలు వస్తున్నాయి.

రెండు ట్యాంకులు పెట్టి నీటిని పనికి ఎదురుగా నడిపితే లెక్క వర్గమూలానికి దిగుతుంది. 1,000కి వర్గమూలం 31.6, అంటే గంటకు 76 లీటర్లు. మూడు ట్యాంకులైతే ఘనమూలం, 24 లీటర్లు. కలపడం ఎప్పుడూ కాగితం మీద ఉన్నంత పూర్తిగా జరగదు కాబట్టి రెట్టింపు వేసుకోండి. అప్పుడు కూడా రెండు ట్యాంకులతో 150 లీటర్లే. కొళాయిలు మార్చి, టైమర్లు బిగించి ఇంత తగ్గింపు తేలేరు.

మీ 800 లీటర్ల ట్యాంకు మధ్యలో పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) షీటు వెల్డింగ్ చేసి రెండుగా చేయొచ్చు. సగంలో ర్యాకు దిగేంత వెడల్పు, చుట్టూ ఓ 8, 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. కొత్త నీళ్లు చివరి గదిలోకి, అంటే క్రోమ్ వైపు గదిలోకి రావాలి. అక్కడి నుంచి పొంగి మొదటి గదిలోకి, మొదటి గది నుంచి బయటికి.

చెడిపోయేది ఎక్కువగా ఈ పొంగే చోటే. నీళ్లు పైన పడి పక్కనే పైనుంచి పొంగిపోతే అడుగున ఉన్న మురికి కదలనే కదలదు. నీటిని పైపుతో అడుగుకు దింపండి, వెళ్లే గట్టు దానికి ఎదుటి గోడ మీద ఉండాలి. రెండు గదుల మధ్య కూడా ఇదే పద్ధతి. మధ్య గోడకు అవతల ఒక డౌన్‌పైపు పెట్టి, పొంగిన నీళ్లు మొదటి గది అడుగున బయటపడేలా చేయండి. గట్ల మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఎత్తు తేడా ఉండాలి. లేకపోతే ర్యాకు మునిగినప్పుడల్లా మురికి గది నీళ్లు శుభ్రమైన గదిలోకి వెనక్కి తన్నుతాయి. నీళ్లు తెచ్చే పైపు అడుగుదాకా మునిగి ఉంటుంది కాబట్టి ప్రెజర్ పోయినప్పుడు ట్యాంకు నీళ్లు మెయిన్ లైన్‌లోకి లాగబడే ప్రమాదం ఉంది. నీళ్లు పైన తెరిచిన గరాటులో పడి, అక్కడి నుంచి కిందికి దిగేలా గాలి సందు ఇవ్వండి.

కలపడానికి కంప్రెసర్ గాలి వాడొద్దు. మీటరు లోతు నీళ్లకు కావాల్సింది 0.1 బార్ కంటే కొంచెం ఎక్కువ. దానికోసం 7 బార్‌కు గాలి నొక్కి, మళ్లీ వాల్వుతో చంపడం కరెంటు దండగ, పైగా ఆ గాలిలో నూనె వస్తుంది. నూనె లేని చిన్న బ్లోయర్, అడుగున రంధ్రాల పైపు చాలు.

కొళాయిని ఆపరేటర్ చేతికి వదలకండి. స్థిరమైన ప్రవాహాన్నిచ్చే రబ్బరు రెస్ట్రిక్టర్ లైన్‌లో బిగించండి, ప్రెజర్ మారినా ఫ్లో మారదు. ఇంకా మేలైనది చివరి గదిలో కండక్టివిటీ సెన్సర్ (నీళ్లలో లవణాలు ఎంత చేరాయో చూపేది), దానితో తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వ్. సెట్ పాయింట్ ఎవరినీ అడగక్కర్లేదు. మచ్చలు లేని స్థాయి నుంచి రోజుకు కొంచెం పెంచుకుంటూ వెళ్లి, మచ్చ కనిపించిన విలువ కంటే నాలుగో వంతు తక్కువ దగ్గర ఆపండి.

నికెల్_ర్యాక్_లైన్:

చాలా ఉపయోగపడే వివరాలండి, ఇద్దరికీ ధన్యవాదాలు. ట్యాంకును రెండుగా చేయడానికి వెడల్పు సరిపోతుంది. బాత్‌కూ దానికీ మధ్య ఇంకో చిన్న ట్యాంకుకు చోటుంది. ప్రవాహం లేని డ్రాగ్‌అవుట్ ట్యాంకు పెట్టి ఆ నీళ్లే బాత్‌కు తిరిగి పోయొచ్చా? బాత్ ఉపరితలం 1.6 చదరపు మీటర్లు. టాప్‌అప్ ఆపితే 8 గంటల షిఫ్టులో మట్టం 25 మిల్లీమీటర్లు దిగుతుంది.

బాత్_కెమిస్ట్:

తప్పకుండా పోయొచ్చు. మీ బాత్ వేడిది కావడం ఇక్కడ కలిసొచ్చింది. 1.6 × 25 అంటే 40 లీటర్లు, గంటకు 5 లీటర్లు. లోపలికి వచ్చే రిన్స్ నీళ్లు, బయటికి పోయే ద్రావణం దాదాపు సమానం కాబట్టి ఈ 5 లీటర్లూ ఆవిరే. అంత నీటిని డ్రాగ్‌అవుట్ ట్యాంకు నుంచి వెనక్కి పోసే చోటు ఉందన్నమాట.

డ్రాగ్‌అవుట్ గంటకు 1.5 లీటర్లకు దిగిందనుకుందాం. డ్రాగ్‌అవుట్ ట్యాంకు చివరికి బాత్ గాఢతలో 1.5 ÷ 6.5, అంటే 23 శాతం దగ్గర నిలుస్తుంది. మిగతా 77 శాతం నికెల్ బాత్‌కే తిరిగొస్తుంది. తర్వాతి రెండు గదులు వెయ్యికి బదులు 230 వంతుల పలచన ఇస్తే చాలు. వర్గమూలం 15, గంటకు 23 లీటర్లు. రెట్టింపు వేసినా 50 లోపే.

బాత్‌కు ఇక వేరే టాప్‌అప్ నీళ్లు పోయకూడదు. ఎంత దిగితే అంత డ్రాగ్‌అవుట్ ట్యాంకు నుంచి, ఆ ట్యాంకుకు డీఐ లేదా ఆర్‌ఓ నీళ్లు. ఆర్‌ఓ నిజంగా అవసరమయ్యేది ఇక్కడే, గంటకు 5, 6 లీటర్లకు. మామూలు నీళ్లు పోస్తే కాల్షియం చేరుతూ పోయి, వేడి బాత్‌లో కాల్షియం సల్ఫేటుగా విడిపోతుంది. ఫిల్టర్లు మూసుకుపోతాయి, పైకి చూసే అంచుల మీద గరుకు వస్తుంది.

ఇంకో సంగతి మర్చిపోకండి. ఇన్నాళ్లూ డ్రాగ్‌అవుట్ బాత్‌లోని మలినాల్ని కూడా బయటికి మోసుకుపోయింది. ఇప్పుడు అవన్నీ లోపలే పోగవుతాయి. రాగి, జింక్ చేరితే తక్కువ కరెంటు భాగాలు నల్లబడతాయి. ముడతలు పెట్టిన డమ్మీ షీటు (మలినాలు పట్టడానికి బాత్‌లో వేలాడదీసే రేకు) మీద చదరపు డెసిమీటరుకు 0.2 నుంచి 0.5 ఆంపియర్లతో తీసేయండి. బ్రైట్‌నర్ (మెరుపునిచ్చే రసాయనం) విరిగిన పదార్థాలకు కార్బన్ ఫిల్టరు, ఇనుముకు పెరాక్సైడ్ వేసి పీహెచ్ పెంచి వడకట్టడం. వారానికోసారి హల్‌సెల్ (చిన్న తొట్టెలో ప్లేటింగ్ చేసి చూసే పరీక్ష) చేస్తే మలినం ముదరకముందే తెలుస్తుంది. బోరిక్ యాసిడ్ కూడా తిరిగొస్తుంది కాబట్టి పాత అలవాటు కొద్దీ అడిషన్లు వేయకుండా, టెస్టు చేసి వేయండి.

ఈటీపీ_డెస్క్:

ప్రీట్రీట్‌మెంట్ (ప్లేటింగ్‌కు ముందు శుభ్రం చేసే) రిన్సులు రెండింటినీ ఒకే నీళ్లతో నడపొచ్చు. యాసిడ్ తర్వాతి రిన్స్ నుంచి పొంగే నీళ్లను ఆల్కలీ క్లీనర్ తర్వాతి రిన్స్‌లోకి పంపండి. ఆ కాస్త ఆమ్లం ఆల్కలీ జిడ్డు పొరను వదలగొడుతుంది, అక్కడి నీటి వాడకం సగమవుతుంది. క్లీనర్‌లో సిలికేట్ ఎక్కువుంటే మాత్రం ఇది చేయొద్దు, ఆమ్లం తగిలి సిలికేట్ భాగాల మీదే జెల్‌గా పట్టేస్తుంది. లైన్‌లో ఎక్కడైనా సయనైడ్ బాత్ ఉంటే ఈ ఆలోచనే పెట్టుకోకండి. ఆమ్లం, సయనైడ్ కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ వాయువు వస్తుంది, మనుషులు చనిపోతారు. ఆ రెండింటి పైపులూ, నేల కాలువలూ కూడా కలవకూడదు.

క్రోమ్ తర్వాతి రిన్స్‌ను వీటిలో దేనితోనూ కలపొద్దు. హెక్సావాలెంట్ క్రోమ్‌ను పీహెచ్ 2 నుంచి 3 మధ్య బైసల్ఫైట్‌తో ముందు ట్రైవాలెంట్‌గా మార్చాలి, ఆ తర్వాతే అవక్షేపం.

నీళ్లు తగ్గాక ఈటీపీలో కొత్త సమస్య వస్తుంది, ముందే సిద్ధపడండి. రిన్స్ నీళ్లు చిక్కబడతాయి. లోహం గ్రాముల్లో తగ్గినా లీటరుకు ఎంత అన్న అంకె పెరుగుతుంది, పాత డోసింగ్ పంపు సెట్టింగు సరిపోదు. నికెల్ అవక్షేపంగా దిగడానికి పీహెచ్ 9.5 నుంచి 10.5 వరకు కావాలి. క్రోమ్ 8.5 దగ్గరే దిగిపోతుంది కాబట్టి చాలాచోట్ల అక్కడే ఆపేసి, నికెల్ దాటిపోతోందని తలపట్టుకుంటారు. క్లీనర్‌లోని కీలేటర్లు నికెల్‌ను పట్టుకుని దిగనివ్వవు, అందుకే క్లీనర్ ట్యాంకు పారబోసే రోజున ఆ ద్రావణాన్ని విడిగా నిల్వ చేసి కొద్దికొద్దిగా కలపండి. అంకె ఎక్కువొచ్చిందని మంచినీళ్లు కలిపి పలచన చేయడం మాత్రం వద్దు, నదిలోకి పోయే లోహం అంతే ఉంటుంది.

బురద లెక్క కూడా చూసుకోండి. కిలో నికెల్ దాదాపు 1.6 కిలోల పొడి హైడ్రాక్సైడ్ అవుతుంది. ఫిల్టర్ ప్రెస్‌లో (బురదను బట్టల మధ్య నొక్కి నీళ్లు పిండే యంత్రం) 30 శాతం ఘనపదార్థంతో దిగే తడి కేకుగా చూస్తే అది 5 కిలోలు పైనే. గంటకు 168 గ్రాములు పోయే లైన్ 16 గంటలు నడిస్తే రోజుకు 14 కిలోల ప్రమాదకర వ్యర్థం. బాత్ పక్కన ఆ చిన్న ట్యాంకు పెట్టాక గంటకు పోయేది 25 గ్రాముల లోపు, కేకు రెండు కిలోల చుట్టూ. ప్రెస్ తెరిచే షెడ్యూలును దానికి తగ్గట్టు మార్చండి. సగం నిండిన ప్రెస్‌ను తెరిస్తే కేకు ముద్దముద్దగా బట్టకు అంటుకుంటుంది. గదులు నిండేదాకా నడపండి, లేదంటే బ్లాంక్ ప్లేటు పెట్టి కొన్ని గదులు మూసేయండి.