చర్చ: ఫ్రోజెన్ ఫుడ్ బండి నడిపే మనిషికే అమ్మకాల టార్గెట్ పెట్టాలా?

మౌలాలి డ్రైవర్:

అందరికీ నమస్కారం. నేను ఫ్రోజెన్ ఫుడ్ బండి మీద పని చేస్తాను. ఉద్యోగ ప్రకటనల్లో మా పోస్టును ‘డ్రైవర్ కమ్ సేల్స్‌మన్’ అంటారు. పొద్దున్నే గోడౌన్‌లో లోడింగ్ చేసుకుని సైనిక్‌పురి, ఏఎస్‌రావు నగర్, నేరేడ్‌మెట్ కాలనీల్లో ఇంటింటికీ తిరుగుతాను. పచ్చి బఠాణీ, స్వీట్‌కార్న్, పరోటాలు, నగ్గెట్స్, చేపలు, రొయ్యలు నా సరుకు. ఆర్డర్ ఇచ్చిన ఇంట్లో అందించి డబ్బు తీసుకోవడం ఒక పని. ఆర్డర్ లేని ఇంటి బెల్ కొట్టి కొత్తగా అమ్మడం ఇంకో పని. ఈ రెండోదానికి నెల టార్గెట్ ఉంటుంది.

ఈ రెండూ ఒకే మనిషికి అప్పగించడం తప్పని నేను అంటాను. పని ఎక్కువని కాదు, ఒక పని ఇంకోదాన్ని చెడగొడుతుందని.

ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. మే నెలలో మన హైదరాబాద్‌లో బయట 40 దాటుతుంది. అంటే బండి వెనక సరుకుండే డబ్బా గోడకు అటూ ఇటూ 58 డిగ్రీల తేడా. మా బండిలో నడుస్తున్నప్పుడు చల్లబరిచే మెషీన్ లేదు, గోడలకు కోల్డ్ ప్లేట్లు ఉంటాయి. రాత్రంతా కరెంటు పెడితే లోపలి ఉప్పు ద్రావణం గడ్డకడుతుంది, పగలంతా ఆ చల్లదనంతోనే నెట్టుకురావాలి. చల్లగాలి బరువు. వెనక డోర్ తీయగానే కింద నుంచి జారిపోతుంది, వేడిగాలి లోపలికి వస్తుంది. మూశాక ఆ వేడినంతా ప్లేట్లే లాగాలి. రాత్రి కరెంటు పోయి ప్లేట్లు సరిగా గడ్డకట్టకపోతే మధ్యాహ్నానికే టెన్షన్ మొదలు.

ఇప్పుడు అమ్మకం ఎలా జరుగుతుందో చూడండి. కొత్త ఇల్లు, మేడమ్ బయటికొచ్చి “ఏమేం ఉన్నాయో చూపించు” అంటారు. డోర్ తీస్తాను. నాలుగు ప్యాకెట్లు చేతిలో పెడతాను. రెండు తీసుకుంటారు, రెండు తిరిగి లోపలికి. చూపించకపోతే ఎవరూ కొనరు. అంటే టార్గెట్ కోసం డోర్ తెరవాలి, సరుకు కోసం మూసి ఉంచాలి. సాయంత్రం రిటర్న్ స్టాక్ మెత్తబడితే షార్టేజ్ కింద నా జీతంలో కోస్తారు. టార్గెట్ రాకపోతే ఇన్సెంటివ్ పోతుంది. ఏం చేసినా పోయేది నా డబ్బే. మీరేమంటారు?

బోయిన్‌పల్లి డిస్ట్రిబ్యూటర్:

తమ్ముడూ, బాధ అర్థమైంది, కానీ ఒప్పుకోను. బండి కిస్తీ, డీజిల్, రాత్రి ప్లేట్లకు కరెంటు బిల్లు, గోడౌన్ అద్దె అన్నీ ఆ ప్యాకెట్ల మార్జిన్‌లోనే రావాలి. ఒక బండికి ఇద్దర్ని పెడితే చిన్న డిస్ట్రిబ్యూటర్ మునిగిపోతాడు. పైగా సేల్స్‌మన్ వేరే అయితే బండిలో లేనిది కూడా ఇస్తానని మాట ఇచ్చి వస్తాడు, తిట్లు తినేది డ్రైవర్.

ఇంకో మాట. ఫోన్‌లో నొక్కితే నిమిషాల్లో బఠాణీ ప్యాకెట్ ఇంటికొస్తోంది ఈ ఊళ్లో. మన దగ్గర వాళ్లకంటే ఎక్కువ ఉన్నది ఒక్కటే, ఇంటివాళ్లకు తెలిసిన మనిషి. ఆ మనిషి అమ్మకం మానేసి కవర్ ఇచ్చి వెళ్లిపోతే మనకూ యాప్‌కూ తేడా ఏముంది? మంచి రూట్ ఉన్నవాడు జీతం కంటే కమీషనే ఎక్కువ తీసుకెళ్లడం నేను చూశాను.

సైనిక్‌పురి గృహిణి:

కొనేవాళ్ల వైపు నుంచి నేను చెబుతాను. మా వీధికి వచ్చే అబ్బాయి మొదట్లో “ఈసారి రొయ్యలు చిన్నవి వచ్చాయమ్మా, వచ్చే వారం తీసుకోండి” అని తనే చెప్పేవాడు. ఆ మాట మీదే నేను మిగతావన్నీ అతని దగ్గర కొన్నాను. టార్గెట్ వచ్చాక నెలాఖరులో అవసరం లేనివి కూడా అంటగట్టాలని చూస్తున్నాడు. అతని ముఖంలో ఇబ్బంది తెలుస్తూనే ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ గారూ, తెలిసిన మనిషే మీ బలం అంటున్నారు కదా, ఆ బలాన్ని తగ్గిస్తున్నది ఆ టార్గెటే.

ఇక బఠాణీ ప్యాకెట్ నేను ఊపి చూసి తీసుకుంటాను. గింజలు విడివిడిగా గలగలమంటే సరే. ముద్దకట్టి ఉంటే ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినట్టే, అలాంటిది వెనక్కి ఇచ్చేస్తాను. వేసవిలో అలా ఇవ్వడం ఎక్కువైంది. కారణం మౌలాలి తమ్ముడు చెప్పాక తెలిసింది.

కొండాపూర్ అపార్ట్‌మెంట్ వాసి:

మా వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో ఈ చర్చకే తావు లేదు. ఫ్లాట్‌వాళ్లు యాప్‌లో ఓకే చెప్పనిదే సెక్యూరిటీ లోపలికి పంపడు. కొత్త ఇంటి బెల్ కొట్టే వీలే లేని చోట కొత్త కస్టమర్ల టార్గెట్ ఏమిటి? అసోసియేషన్ అనుమతితో వారానికి ఒక సాయంత్రం క్లబ్‌హౌస్ దగ్గర బండి ఆపితే అందరూ అక్కడికే వచ్చి కొంటారు.

కార్మిక చట్టాల మీద పనిచేసేవాణ్ణి:

షార్టేజ్ కోత గురించి ఎవరూ మాట్లాడలేదు. 2019 వేతనాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. అప్పగించిన సరుకు పాడైతే కోత వేయడానికి అందులో అవకాశం ఉంది. అయితే ఆ నష్టం నేరుగా ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోసే ముందు అతని వివరణ వినాలి. కోత నష్టాన్ని మించకూడదు. అన్ని కోతలూ కలిపి వేతనంలో సగం దాటకూడదు. రాత్రి కరెంటు పోవడం డ్రైవర్ నిర్లక్ష్యం ఎలా అవుతుంది? పాత వేతన చెల్లింపు చట్టం, 1936 నాటిది, అందులో కూడా ఇదే ఉంది. కొత్తగా వచ్చిన హక్కు కాదు.

కమీషన్ ఎక్కువ వస్తుందన్న అన్నకు ఒక మాట. కోడ్‌లో ‘వేతనం’ లెక్కలోకి కమీషన్ రాదు. ఉదాహరణకు మొత్తం 24 వేలలో జీతం 9 వేలు, కమీషన్ 15 వేలు అనుకుందాం. ఇలా లెక్కలోకి రానిది మొత్తంలో సగం, అంటే 12 వేలు దాటింది కాబట్టి పైనున్న 3 వేలు వేతనంలో కలుస్తాయి. వేతనం 12 వేలు అవుతుంది. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ లాంటివి ఈ 12 వేల మీదే, 24 వేల మీద కాదు. చేతికి వచ్చేది చూసి మురిసిపోతే ముసలితనంలో తెలుస్తుంది.

పాత రూట్ సూపర్‌వైజర్:

ఈ వ్యాపారం మనది కాదు, బయట ఎప్పటి నుంచో ఉంది. అమెరికాలో ష్వాన్స్ అనే సంస్థ 1952లో మిన్నెసోటాలోని మార్షల్‌లో ఐస్‌క్రీమ్ ఇంటింటికీ తీసుకెళ్లడంతో మొదలై పెద్ద ఫ్రోజెన్ ఫుడ్ కంపెనీ అయింది. అక్కడ కూడా డ్రైవరే అమ్మేవాడు. 2022లో ఆ ఇంటింటి విభాగం పేరు మార్చుకుని, 2024 నవంబర్‌లో మూతపడింది. సిబ్బంది దొరకకపోవడం, జనం ఆన్‌లైన్‌కు మారడం కారణాల్లో ఉన్నాయి. జర్మనీలో 1966లో మొదలైన బోఫ్రోస్ట్ మాత్రం ఇంకా నడుస్తోంది. కాబట్టి డ్రైవర్ అమ్మితే వ్యాపారం పోతుందని కాదు, అమ్మకపోతే నిలబడుతుందనీ కాదు. మనిషి నిలిచే పద్ధతి ఉందా లేదా అన్నది చూడాలి. మా దగ్గర కుర్రాళ్లు ఒక ఎండాకాలం చేసి వెళ్లిపోయేవాళ్లు. ప్రతిసారీ కొత్తవాడికి రూట్ నేర్పేసరికి పాత కస్టమర్లు పోయేవాళ్లు.

మౌలాలి డ్రైవర్:

బోయిన్‌పల్లి అన్నా, ఇద్దర్ని పెట్టమని నేను అడగడం లేదు. అమ్మకం డోర్ దగ్గర వద్దు, ముందు రోజే కానివ్వండి అంటున్నాను. రాత్రి వాట్సాప్‌లో ధరల లిస్టు పంపి ఆర్డర్లు నేనే తీసుకుంటాను, పాత ఇళ్లవాళ్లు నాకు తెలుసు. పొద్దున చివరి ఇంటి సరుకు లోపల, మొదటి ఇంటిది డోర్ దగ్గర సర్దుకుంటే ప్రతి ఇంటి దగ్గరా తీశామా మూశామా అన్నట్టే ఉంటుంది. కమీషన్ ఆ ఆర్డర్ల మీద ఇవ్వండి. కొత్త ఇళ్లకు చల్లటి నెలల్లో, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తిరుగుతాను. ఎండాకాలంలో కొత్త ఇళ్ల టార్గెట్ వద్దు.

లోడింగ్ అప్పుడు, రిటర్న్ అప్పుడు డబ్బాలో ఎన్ని డిగ్రీలుందో ట్రిప్ షీట్ మీద రాసి ఇద్దరం సంతకం పెడదాం. పొద్దునే మైనస్ 10 చూపిస్తే ఆ రోజు పాడైన సరుకు నా తప్పు ఎలా అవుతుంది?

బోయిన్‌పల్లి డిస్ట్రిబ్యూటర్:

ట్రిప్ షీట్ మాట బాగుంది, రేపటి నుంచే మొదలుపెట్టిస్తాను. అది నాకూ మంచిదే, గోడౌన్‌లో ఎవరు ప్లేట్లకు కరెంటు పెట్టడం మర్చిపోయారో తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల టార్గెట్ తగ్గించడానికి సిద్ధం, ఎత్తేయడానికి మాత్రం కాదు. ఎత్తేస్తే రూట్ ఎండిపోతుంది, జూన్‌లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మౌలాలి డ్రైవర్:

తగ్గించినా సంతోషమే అన్నా, మా ఓనర్‌కు ఈ చర్చ చూపిస్తాను. షార్టేజ్ కోత సంగతి మాత్రం మీరు ఇంకా చెప్పలేదు. మీ బండ్ల మీద అది ఎవరి జీతంలో పడుతోంది?