అజరామరం: ఒకే మాటలో రెండు కోరికలు

రామచంద్రపురం (చర్చ మొదలుపెట్టినవారు; ఇక్కడ ఎవరినైనా వాళ్ళ ఊరి పేరుతోనే పిలుస్తాం):

ప్రేమ, చావులేని బతుకు కలిసిన కథ కనిపిస్తే చాలు, "అజరామర ప్రేమ" అని రాసేస్తాం. అది చేతికి అలవాటైపోయిన మాట. 'ది హంగర్' (1983) అనే ఇంగ్లీషు సినిమాకి మాత్రం ఆ మాట పెట్టకూడదని నా వాదన. ఎందుకో చెప్పాలంటే ముందు సమాసం విప్పాలి.

అజరం, అమరం కలిస్తే అజరామరం. జర అంటే ముసలితనం, అది లేనిది అజరం. చావు లేనిది అమరం. ఇవి రెండూ వేరువేరు కోరికలు. సవర్ణదీర్ఘ సంధి వాటిని ఎంత నున్నగా కలిపేసిందంటే మధ్యలో అతుకు ఉందన్న సంగతే మనకి గుర్తు లేదు. అమరకోశం తెరిస్తే అతుకు కనిపిస్తుంది: "అమరా నిర్జరా దేవాస్త్రిదశా విబుధాః సురాః". దేవతల పేర్లలో మొదటిది చావులేనివాళ్ళు, ఆ వెంటనే ముసలితనం లేనివాళ్ళు. 'త్రిదశులు' అన్న పేరుకి వ్యాఖ్యాతలు చెప్పే అర్థాల్లో ఒకటి, మూడో దశ అయిన యౌవనంలోనే ఎప్పుడూ ఉండేవాళ్ళని. చావు లేకపోవడం ఒక్కటే దేవతల లక్షణం కాదన్నమాట.

ఇక సినిమా. టోనీ స్కాట్ దర్శకుడు. మిరియం (కేథరిన్ డెనోవ్) పాత ఈజిప్టు కాలం నుంచి బతుకుతున్న స్త్రీ. రక్తం తాగి బతుకుతుంది. ఆమె ప్రియుడు జాన్ (డేవిడ్ బోవీ) 18వ శతాబ్దం వాడు. ఎప్పటికీ నాతో ఉంటావని ఆమె మాట ఇచ్చింది. ఒకరోజు అతనికి నిద్ర పట్టడం మానేసింది. జుట్టు ఊడడం మొదలైంది. ముసలితనం మీద పరిశోధన చేసే డాక్టర్ సారా (సూసన్ శరాండన్) దగ్గరికి పరుగెత్తాడు. ఎవడో మతి తప్పినవాడనుకుని ఆవిడ కూర్చోబెట్టింది. కూర్చున్న కుర్చీలోనే, గంటల్లో, పండు ముసలివాడైపోయాడు. ఈ ఒక్క దృశ్యం కోసమైనా ఆ సినిమా చూడాలంటాను. రక్తం చిందే సీన్లలో కూడా అంత భయం లేదు. పక్కవాళ్ళు పత్రికలు తిరగేస్తూనే ఉంటారు, గదిలో ఏమీ మారదు, ఒక్క మొహం మాత్రం మారిపోతుంది.

తరవాత అతను చంపెయ్యమని మిరియంని బతిమాలుతాడు. అది కుదరదు. అతన్ని ఎత్తుకుని ఇంటి పై అటకకి తీసుకెళ్తుంది. అక్కడ పెట్టెల్లో ఆమె పూర్వపు ప్రియులందరూ ఉంటారు. కదల్లేరు, చావలేరు. ఆమె ప్రేమ అబద్ధం అనిపించదు, నాకు మాత్రం అనిపించలేదు. జాన్‌ని పెట్టెలో పెడుతూ ఏడుస్తుంది. కానీ "ఎప్పటికీ బతుకుతావు" అన్న సగమే అతనికి చెప్పింది. "ఎప్పటికీ ఇలాగే ఉంటావు" అన్న రెండో సగం తన దగ్గర లేదని ఆమెకి ముందే తెలుసు.

కాబట్టి అది అమర ప్రేమకథ. అందులో 'అజర' లేదు, కథలో భయమంతా ఆ లేకపోవడం వల్లనే పుట్టింది. సమాసం మొత్తం వాడేస్తే కథలోని మెలిక మనమే పూడ్చేసినవాళ్ళం అవుతాం.

మన కోనసీమ పెళ్ళిళ్ళలో, ఉపనయనాల్లో వినే ఆశీర్వచనం ఈ రెండింటినీ విడివిడిగా అడుగుతుంది: "శతమానం భవతి శతాయుః పురుషః శతేంద్రియ ఆయుష్యేవేంద్రియే ప్రతితిష్ఠతి". అక్షింతలు పడుతుంటే అందరికీ వినబడేది మొదటి రెండు మాటలు. శతమానం అంటే నూరేళ్ళు అనుకుంటారు చాలామంది. నిజానికి అది నూరు కొలతల బంగారం. శతాయుః అన్నచోట నూరేళ్ళు వస్తాయి. ఆ వెంటనే శతేంద్రియః, ఇంద్రియాల బలం కూడా అంతే ఉండాలని. చివరి ముక్క, ఆయుస్సులోనూ ఇంద్రియబలంలోనూ నిలదొక్కుకోవాలని. ఏళ్ళు మాత్రం ఇచ్చి కన్నూ చెవీ లాగేసుకోవద్దని ఆ మంత్రం గట్టిగా అడుగుతోంది. మిరియం దగ్గర జాన్ అడగడం మరిచిపోయిన మాట అదే. ఈ అర్థం పీటల మీద కూర్చున్న పిల్లలకి ఎవరైనా ఒక్క నిమిషం తెలుగులో చెబితే ఎంత బాగుండును.

అమలాపురం:

మాస్టారూ, మరి 'చిరంజీవి' సంగతేంటండీ? శుభలేఖల్లో అబ్బాయికి చి., అమ్మాయికి చి.ల.సౌ. వేస్తాం కదా. అది అమరుడనేనా?

రామచంద్రపురం:

కాదండి. చిరం అంటే చాలాకాలం. చిరంజీవి అంటే దీర్ఘంగా బతికేవాడు, చావే లేనివాడని కాదు. "అశ్వత్థామా బలిర్వ్యాసో హనుమాంశ్చ విభీషణః, కృపః పరశురామశ్చ సప్తైతే చిరజీవినః" అని ఏడుగురిని చెబుతారు. అందులో మొదటి పేరు చూడండి. భారతం సౌప్తికపర్వంలో కృష్ణుడు అశ్వత్థామకి ఇచ్చింది శాపం: మూడు వేల ఏళ్ళు ఒంటరిగా, చీమూ నెత్తురూ కంపుకొడుతూ, మాట్లాడే మనిషి లేకుండా తిరగమని. హనుమంతుడికి వరమైనది అతనికి శిక్ష అయింది. ఆయుస్సు ఒక్కటీ చూస్తే ఇద్దరూ చిరంజీవులే.

భీమవరం:

నేను ఒప్పుకోనండి. వాడుక ముందు వ్యుత్పత్తి నిలబడదు. "అజరామరమైన కీర్తి", "అజరామరమైన పాట" అని అందరం అంటాం. అక్కడ ముసలితనం, యౌవనం అని లెక్క కడతామా? శాశ్వతం అన్న ఒకే అర్థానికి అది స్థిరపడిపోయింది. మాటని ముక్కలు చేసి ఒక ముక్క లేదు, వాడకండి అంటే జనం నవ్వుతారు.

రామచంద్రపురం:

మీరు చెప్పిన కీర్తి వాడుకకి మూలం భర్తృహరి నీతిశతకంలో కనబడుతుంది: "జయంతి తే సుకృతినో రససిద్ధాః కవీశ్వరాః, నాస్తి యేషాం యశఃకాయే జరామరణజం భయం". రససిద్ధులైన కవుల కీర్తి అనే శరీరానికి జర వల్లా మరణం వల్లా భయం లేదు అన్నాడు. కీర్తినీ శరీరమన్నాడు. శరీరమన్నాక రెండు భయాలూ చెప్పాల్సొచ్చింది. పాట మరుగునపడి చావొచ్చు. చావకుండా పాతబడి, ఎవరికీ పట్టకుండా మిగలనూ వచ్చు. రెండూ జరగనిదే అజరామరం. కాబట్టి ఆ సినిమా అజరామరం అనండి, నాకు అభ్యంతరం లేదు. లోపలి ప్రేమకి మాత్రం వద్దు.

హితోపదేశంలో ఇంకోటుంది. "అజరామరవత్ ప్రాజ్ఞో విద్యామర్థం చ సాధయేత్, గృహీత ఇవ కేశేషు మృత్యునా ధర్మమాచరేత్". చదువూ డబ్బూ సంపాదించేటప్పుడు నాకు ముసలితనం లేదు, చావు లేదు అనుకో. ధర్మం చేసేటప్పుడు మృత్యువు జుట్టు పట్టుకుందనుకో. చదువుకి రెండూ కావాలి కదండీ. ప్రాణం ఉండి కళ్ళు కనబడకపోతే పుస్తకం ఏం చేసుకుంటాం?

ముమ్మిడివరం:

నేను సంస్కృతం చదువుకోలేదండి. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనే మాట రాస్తాను. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే వెళ్ళిపోవాలమ్మా." మా నాయనమ్మ రోజూ దీపం పెట్టి "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అనేది. శ్రమ లేని చావు, ఒకరి ముందు చెయ్యి చాపని బతుకు. అమరత్వం ఎవరూ అడగరు. ఎక్కువ కాలం బతకాలని కూడా మా ఇంట్లో ఎవరూ అడగగా వినలేదు. మంచాన పడి నెలల తరబడి ప్రాణం పోనివాళ్ళని చూసిన ఇళ్ళకి మీరు చెప్పిన అటక కథ కొత్తగా ఏమీ ఉండదండి.

రామచంద్రపురం:

అమ్మా, నేను అంత పొడుగున రాసినదాన్ని మీ నాయనమ్మగారి శ్లోకం రెండు పాదాల్లో చెప్పేసింది. అక్కడ కూడా చావూ బతుకూ విడివిడిగా అడిగారు, గమనించారా?

పాలకొల్లు:

ఆయ్, సినిమా నేనూ చూసేనండి. మిరియం మెడలో ఒక గొలుసు ఉంటుంది, దానికి అంఖ్ అని పాత ఈజిప్టువాళ్ళ జీవచిహ్నం వేలాడుతుంటుంది. దాని లోపల చిన్న కత్తి. చివర కథ తిరగబడేది ఆ కత్తితోనే. నాకు వెంటనే మన తారకాసురుడు గుర్తొచ్చేడు. వాడి మెడలో అమృతలింగం ఉన్నంతకాలం చావు లేదు. కుమారస్వామి దాన్ని ఛేదిస్తే అయిదు ముక్కలై పడిన చోట్లు పంచారామాలు: ద్రాక్షారామం, సామర్లకోట కుమారారామం, మా పాలకొల్లు క్షీరారామం, భీమవరం గునుపూడి సోమారామం, కృష్ణ ఒడ్డున అమరావతిలో అమరారామం. నాలుగు మన గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయండి. చావు లేకపోవడం అనేది ఒంటి లోపల కాకుండా మెడలో వేలాడే వస్తువులో ఉండడం రెండు కథల్లోనూ ఉంది. ప్రాణం పోయాలన్నా తియ్యాలన్నా చెయ్యి మెడ దగ్గరికే వెళ్తుంది.

ముక్తేశ్వరం:

ప్రేమ, మృత్యువు అన్నారు కాబట్టి ఒక పాఠభేదం. "త్ర్యంబకం యజామహే సుగంధిం పుష్టివర్ధనం, ఉర్వారుకమివ బంధనాన్మృత్యోర్ముక్షీయ మాఽమృతాత్" అందరికీ వచ్చు. పండిన దోసకాయ తొడిమ నుంచి విడినట్టు మృత్యువు నుంచి విడిపించు, అమృతం నుంచి మాత్రం వద్దు అని. శుక్ల యజుర్వేదం వాజసనేయి సంహితలో దీని పక్కనే ఇంకో రూపం ఉంది. అది కన్యలు చెప్పేది: "త్ర్యంబకం యజామహే సుగంధిం పతివేదనం, ఉర్వారుకమివ బంధనాదితో ముక్షీయ మాఽముతః". పుష్టివర్ధనం బదులు పతివేదనం, అంటే భర్తని దొరికించేవాడు. ఇక్కణ్ణించి, పుట్టింటి నుంచి విడిపించు, అక్కణ్ణించి వద్దు. చావుభయానికి చదివే మంత్రమే కొద్ది మార్పుతో పెళ్ళికోరిక అయింది. దోసకాయ మాత్రం రెండింట్లోనూ ఉంది. పండాకే విడుతుంది, పచ్చిగా ఉన్నప్పుడు కాదు. పండడం అంటే ఒక రకంగా జరే కదా.

రామచంద్రపురం:

ఇది నేను ఎదురుచూడని కానుకండి. పండడాన్ని కీడుగా చూడని మంత్రం. నన్నయ్య కూడా భారతం ఆదిపర్వంలోనే రెండు దారులు చూపించాడు, మన రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో కూర్చుని. ఒకవైపు యయాతి. దేవయానికి తెలియకుండా శర్మిష్ఠని ప్రేమించినందుకు శుక్రుడు జర శపించాడు. కొడుకులని ఒక్కొక్కరినే అడిగాడు, చివరికి పూరుడు తన యౌవనం ఇచ్చి తండ్రి ముసలితనం పుచ్చుకున్నాడు. జర అనేది ఒక ఒంటిలోంచి ఇంకో ఒంటికి ఇచ్చుకునే బరువైపోయింది అక్కడ. ఇంకోవైపు రురుడు. పెళ్ళికి ముందే పాము కరిచి చనిపోయిన ప్రమద్వరకి తన ఆయుస్సులో సగం ఇచ్చేశాడు. మిరియం మొదటి దారిలో మనిషి, ప్రియులకి ముసలితనం వచ్చినా తను యౌవనంలోనే నిలబడుతుంది. రురుడు చావుని రద్దు చెయ్యమని అడగలేదు, ఉన్న ఆయుస్సుని ఇద్దరికీ పంచాడు. ప్రేమకథ అన్నప్పుడు నాకు రురుడి కథే గొప్పది. దానికి ఏ భయంకర చిత్రమూ పోటీ రాదు.

కాకినాడ:

అందరూ సంస్కృతంలోనే తిరుగుతున్నారు. జరకి తెలుగు మాట ముదిమి ఉంది, ముసలితనం ఉంది. ఇంకోటి ఉంది, దాన్ని మనం రోజూ వాడుతూ అర్థం పోగొట్టుకున్నాం: ముప్పు. దాశరథి శతకం గుర్తు తెచ్చుకోండి. "ముప్పున కాలకింకరులు ముంగిట వచ్చినవేళ, రోగముల్ గొప్పరమైనచో గఫము కుత్తుక నిండినవేళ..." ఇక్కడ ముప్పున అంటే ఆపదలో అని చాలామంది చెప్పేస్తారు. ముసలితనంలో అని అర్థం. తమిళంలో మూప్పు, కన్నడంలో ముప్పు ఈనాటికీ వార్ధక్యమే. మన దగ్గర మాత్రం ముసలితనం పక్కకి తప్పుకుని ఆపద ఒక్కటే మిగిలింది. మీ సినిమాకి తెలుగు పేరు కావాలంటే ఇదిగో: చావులేని ముప్పు.

భీమవరం:

పేరు బాగుంది. కానీ ఈనాటి కుర్రాళ్ళకి 'వరద ముప్పు', 'తుఫాను ముప్పు' అన్న అర్థమే తెలుసు. ముసలితనం ఎవరికి తడుతుందండి?

రామచంద్రపురం:

తట్టకపోయినా నష్టం లేదండి. ఆపద అని చదివినా ఆ కథకి సరిపోతుంది. పాత అర్థం తెలిసినవాడికి జాన్ కూర్చున్న కుర్చీ కూడా కనబడుతుంది. సినిమా గురించి నేను రాస్తున్న వ్యాసానికి అదే శీర్షిక పెడుతున్నాను. కాకినాడవారికి కృతజ్ఞతలు.

ఒక సాయం అడగాలి అందరినీ. ముప్పుని ముసలితనం అన్న అర్థంలో మన వైపు పల్లెల్లో పెద్దవాళ్ళ నోట ఎవరైనా విన్నారా? "ముప్పులో", "ముప్పొచ్చాక" లాంటివి. పద్యాల్లో కాదు, మాటల్లో. విన్నవాళ్ళు వాక్యం మొత్తం, అన్నవాళ్ళ ఊరు, ఏ సందర్భంలో అన్నారో ఇక్కడ రాయండి. లంకగ్రామాలవాళ్ళు, పశ్చిమ డెల్టావాళ్ళు ముఖ్యంగా. ముదిమి కూడా ఎక్కడైనా వాడుకలో మిగిలుంటే చెప్పండి.