పాము కాటు: వాపు లేకపోతే తెల్లారేదాకా ఆగొచ్చా?

ప్రశ్న:
వానాకాలం, రాత్రి కింద పడుకున్న మనిషిని ఏదో కుట్టింది. పాము కనబడలేదు. వాపు లేదు, మంట కూడా పెద్దగా లేదు. ఊళ్ళో "విషం లేనిదే, తెల్లారాక చూద్దాం" అంటారు. ఏ లక్షణం కనబడితే బయల్దేరాలి?

జవాబు:
లక్షణం కోసం ఆగొద్దండీ. మీరు రాసిందంతా కట్లపాము తీరు. దాని కోరలు చిన్నవి, గాటు కంటికి ఆనకపోవచ్చు. కొన్ని గంటలకు కడుపునొప్పి, వాంతి మొదలవుతాయి. గ్యాస్ అనుకుని మాత్ర వేసేది అప్పుడే. తర్వాత కనురెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనబడుతుంది, మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది. ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలే పడిపోతాయి. అనుమానం రాగానే 108కి ఫోన్ చేయండి. పసరుకీ మంత్రానికీ పోయే గంట మళ్ళీ రాదు.

జవాబు:
బండి వచ్చేలోపు కాలి మెట్టెలు, పట్టీలు తీసేయాలి. విరిగిన కాలికి కట్టినట్టు కర్ర ఆనించి గుడ్డతో కట్టండి, నడిపించొద్దు. తాడు బిగించొద్దు, కోయొద్దు. ఎవరైనా ముందే బిగించి ఉంటే ఇంట్లో ఒక్కసారిగా విప్పకండి, డాక్టరు ముందే విప్పాలి. వాంతులైతే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. రెప్ప వాలిన టైము రాసుకోండి. పామును వెతకడం దేనికి? నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ విరుగుడు ఇంజెక్షన్ ఒకటే.

ప్రశ్న అడిగినవారు:
రక్తపరీక్ష బాగుందని పంపించేస్తే?

జవాబు:
2 మి.లీ. రక్తం పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషమని అర్థం. కట్లపాము కాటులో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, కాబట్టి ఆ ఒక్క పరీక్షతో ఇంటికి రావొద్దు. 24 గంటలు ఉంచమని గట్టిగా అడగండి. వెళ్ళేముందే ఫోన్ చేసి విరుగుడు మందు ఉందా, వెంటిలేటర్ ఉందా అని కనుక్కోండి. కట్లపాము విషం నరాల చివర్లను దెబ్బతీశాక విరుగుడు అంతగా పనిచేయదు, అప్పుడు మనిషిని నిలబెట్టేది వెంటిలేటరే. ఇంకోటి, విరుగుడు మొదటి మోతాదు 10 వయల్స్ (చిన్న మందు సీసాలు), పిల్లలకూ అంతే. తగ్గించమని అడగకండి. పిల్లాడని పాము విషం తక్కువ వదలదు.