గుడి లోపలికి రానన్న లెఫ్టినెంటును ఆర్మీ తీసేయడం సబబేనా?

సాగర్_గుంటూరు
వాట్సాప్ గ్రూపుల్లో దీని మీద బూతులు తప్ప మాటల్లేవు, అందుకే ఇక్కడ పెడుతున్నా. 2017లో ఆర్మీలో చేరిన ఒక క్రైస్తవ లెఫ్టినెంట్. 3వ కావల్రీ అనే ట్యాంకుల రెజిమెంట్లో సిక్కు స్క్వాడ్రన్‌కి ట్రూప్ లీడర్. అక్కడ మందిరం, గురుద్వారా ఉన్నాయి, అన్ని మతాలకూ కలిపి ఉండే సర్వధర్మ స్థల్ లేదు. వారం వారం మత పరేడ్‌కి జవాన్లతో వెళ్లేవాడు. బూట్లు, బెల్టు విప్పి, కావాలంటే తలపాగా కట్టుకుని ఆవరణలో నిలబడేవాడు. గర్భగుడి లోపలికొచ్చి పూజ, హారతి మాత్రం నావల్ల కాదన్నాడు. 2021లో పెన్షన్, గ్రాట్యుటీ లేకుండా తీసేశారు. 2025 మేలో ఢిల్లీ హైకోర్టు, నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆర్మీ వైపే నిలబడ్డాయి. మీరేమంటారు?

మాధవరం_మాజీ
మిలిటరీ మాధవరం వాణ్ణి, మా తాత దగ్గర్నుంచీ ఫౌజే. చదివి చెప్పడం లేదు, చూసి చెప్తున్నా. యూనిట్‌లో మతం అంటే నీది కాదు, నీ జవాన్లది. సిక్కు పల్టన్ ‘బోలే సో నిహాల్’ అంటూ దూకుతుంది. మా మద్రాస్ రెజిమెంట్లో ‘వీర మద్రాసీ, అడి కొల్లు’ అని అరుస్తాం. ఆ గొంతుల్లో మలయాళీ క్రిస్టియనూ ఉంటాడు, తమిళ ముస్లిమూ ఉంటాడు, నేనూ ఉంటా. పక్కవాడికి నేనున్నానని చెప్పడమే అది. గుమ్మం దగ్గర ఆగిపోయే ఆఫీసరు వెనక రేపు కాల్పుల్లోకి ఎవడు నడుస్తాడు?

శాంతి_బెజవాడ
కాల్పుల్లో ఆగిపోయాడని ఎవరన్నారండీ? హారతి దగ్గర ఆగాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

శాస్త్రి_రాజమండ్రి
చిన్న సందేహం. మన గుళ్లలో గర్భగుడిలోకి అర్చకుడు తప్ప కలెక్టరొచ్చినా రానివ్వరు. గురుద్వారాలో అసలు గర్భగుడే ఉండదు, గురు గ్రంథ్ సాహిబ్ ముందుకు ఎవరైనా వెళ్లొచ్చు. మరి రానందుకు ఉద్యోగం ఊడగొట్టే ఈ గర్భగుడి ఎక్కడిది?

మాధవరం_మాజీ
శాస్త్రిగారూ, యూనిట్ మందిరంలో ఆగమాలు చూడరు. అక్కడి పండిట్‌జీ కూడా యూనిఫాం వేసుకునే జేసీవోనే (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్). శాంతిగారూ, పైఅధికారి చెప్పింది చెయ్యకపోతే ఆర్మీ చట్టం సెక్షన్ 41. హైకోర్టు కూడా ఇది మతస్వేచ్ఛ గొడవ కాదు, ఆర్డరు పాటించని గొడవ అంది. పాస్టరు కూడా వెళ్తే తప్పు లేదని చెప్పినా వినలేదు.

శాంతి_బెజవాడ
పాస్టరు చెప్తే నా నమ్మకం మారాలా? ‘నేను తప్ప వేరొక దేవుడు నీకుండకూడదు’ అని మొదటి ఆజ్ఞ. దాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలో ఎవరికి వాళ్లే తేల్చుకుంటారు. ఆర్డరంటారా, ఫలానా గుట్ట ఎక్కమంటే అది ఆర్డరు. హారతి తీసుకోమనడమూ ఆర్డరేనా?

ఫ్రిస్కో_రావు
అమెరికాలో ఇలాంటిదే జరిగింది. కెంటకీలో రోవన్ కౌంటీ క్లర్క్ కిమ్ డేవిస్. 2015లో స్వలింగ వివాహాలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పిస్తే, నా దేవుడు ఒప్పుకోడని లైసెన్సులు ఆపేసింది. జడ్జి జైల్లో పెట్టాడు, ఐదు రోజులుంది. మరుసటి ఏడాది ఫారం మీద క్లర్క్ పేరే లేకుండా చట్టం మార్చారు, గొడవ సద్దుమణిగింది. అయినా 2023లో జ్యూరీ ఒక జంటకు చెరో 50,000 డాలర్లు కట్టమంది. అంటే సర్దుబాటు చెయ్యాలనుకుంటే దారి ఉంటుంది.

కావ్య_కె
రావుగారూ, ఆవిడ సంగతి మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. మాది మతాంతర వివాహం. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద నోటీసు ఇస్తే 30 రోజులు ఆగాలి, తెలుసు. ఆ ఆఫీసరు నోటీసు అంటించకముందే మా నాన్నకు ఫోన్ చేశాడు. ఎందుకండీ అంటే ‘నాకూ ఆడపిల్లలున్నారమ్మా, ఇలాంటి పెళ్లికి సంతకం పెట్టడానికి నాకు మనసొప్పదు’ అన్నాడు. టేబుల్ మీద గాజు పలక కింద స్వామివారి ఫొటో, దాని మీదే మా అప్లికేషన్. చివరికి వేరే జిల్లాకు పోయి చేసుకున్నాం. ప్రభుత్వ కుర్చీలో కూర్చున్నవాళ్లకు మనస్సాక్షి ఇంటి దగ్గరే ఉండాలి.

శాంతి_బెజవాడ
కావ్యా, మీ ఆఫీసరు మీ పని ఆపాడు. ఆ లెఫ్టినెంట్ ఎవరి పని ఆపాడు?

లైన్‌మన్_కడప
ఈ లెక్కన మా డివిజన్లో సగం మంది డిస్మిస్. ట్రాన్స్‌ఫార్మర్‌కి కొబ్బరికాయ కొట్టందే స్విచ్ వెయ్యరు.

సాగర్_గుంటూరు
1986 కేసు గుర్తు చేస్తా. కేరళలో యెహోవాసాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లలు ముగ్గురు జాతీయగీతం పాడనన్నారు. పాడేటప్పుడు మాత్రం లేచి నిలబడ్డారు. బడి గెంటేస్తే సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన చిన్నపరెడ్డిగారే. నిలబడటం చాలు, నోరు తెరవాల్సిన పని లేదన్నారు.

మాధవరం_మాజీ
బడిపిల్లలకీ ట్యాంకు ఎక్కేవాడికీ పోలికా? ఆర్టికల్ 33 ఉన్నదే అందుకు. సైన్యంలో ప్రాథమిక హక్కులు తగ్గించొచ్చు.

శాస్త్రి_రాజమండ్రి
గర్భగుడి సంగతి ఎవరూ తేల్చలేదు.

గోవిందం_తిరుపతి
ఇంత చర్చ ఎందుకు? ఇష్టం లేకపోతే ఉద్యోగం మానెయ్యాలి. టీటీడీలో అన్యమతస్థుల్ని బదిలీ చేస్తామంటే కూడా ఇలాగే ఏడ్చారు. తినేది ఒకరి ఉప్పు, పాడేది ఇంకొకరి పాట.

శాంతి_బెజవాడ
టీటీడీ దేవస్థానం. మతసంస్థలో పదవికి ఆ మతంవాళ్లే ఉండాలని చట్టం చెయ్యొచ్చని ఆర్టికల్ 16(5)లోనే ఉంది, దాని మీద నాకు పేచీ లేదు. ఆర్మీ దేవస్థానమా? కలెక్టరేట్ దేవస్థానమా? ఉప్పు మాట ఎత్తారు కాబట్టి చెప్తాను వినండి. మాది ఎస్సీ సర్టిఫికెట్. అమ్మతో పాటు ఆదివారం ప్రార్థనకు వెళ్తాను. బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకోనూ లేను. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం హిందువో, సిక్కో, బౌద్ధుడో అయితేనే ఎస్సీ. క్రైస్తవంలోకి మారితే మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. 2025లో మన హైకోర్టు ఎస్సీగా పుట్టి పాస్టరైనవాడికి అట్రాసిటీ చట్టం కూడా వర్తించదంది. మా ఆఫీసులో దసరాకి బీరువాలకి, కంప్యూటర్లకి బొట్లు పెడతారు. పళ్లెం నా సీటు దగ్గరకొచ్చేసరికి అందరి కళ్లూ నా నుదుటి మీదే. వద్దంటే మర్నాడే ‘ఈమె కన్వర్ట్’ అని అర్జీ వెళ్తుంది. పెట్టుకుంటాను. అందరూ కలుపుగోలు మనిషినంటారు. ఆ లెఫ్టినెంటుకు వద్దనే ధైర్యముంది, నాకు లేదు. నాకు కోపం అందుకు.

గోవిందం_తిరుపతి
అంటే సర్టిఫికెట్ దొంగదని ఒప్పుకున్నట్టే కదా.

కావ్య_కె
సిగ్గుండాలి.

మాధవరం_మాజీ
గోవిందం, నోరు అదుపులో పెట్టుకో. శాంతమ్మా, నీ బాధ వేరు, ఈ కేసు వేరు. నా కడుపుమంట కూడా చెప్తాను. ఆఫీసరు ఒక గుమ్మం దాటనంటే దేశం పెద్ద వకీళ్లను పెట్టి ఏళ్లపాటు వాదించుకుంది. పంజాబ్‌లో పోస్టింగ్ ఉండగా మా నాన్న కర్మకి లీవు అడిగాను. ఎక్సర్‌సైజ్ ఉంది, పోవద్దన్నారు. తల గొరిగించుకోవడం కూడా అక్కడే, లంగర్ (యూనిట్ వంటశాల) వెనకాల. మా అన్న ఒక్కడే పిండం పెట్టాడు. అదీ నా మతమేగా? జవానుకి మనస్సాక్షి ఉందా అని ఎవరైనా అడిగారా? ఆ లెఫ్టినెంటు మీద నాకున్న కోపం గుడి గురించి కాదు.

శాంతి_బెజవాడ
మరి ఆ కోపం మీకు లీవు ఇవ్వని వాళ్ల మీద ఉండాలి కదా బాబాయ్. మీకు జరిగింది అన్యాయమైతే అతనికి జరిగిందీ అన్యాయమే.

మాధవరం_మాజీ
నాకు జరిగింది అన్యాయం అనలేదు. ఫౌజ్ అంటే అదే అంటున్నా. అందరికీ ఒకే కొలత ఉండాలి. సరే, ఒక్కటి చెప్పు. బొట్టు వద్దని నువ్వంటే నీ మీద అర్జీ పెట్టేదెవరు? కలెక్టరా?

శాంతి_బెజవాడ
పక్క సీటాయన. సీనియారిటీ లిస్టులో నా తర్వాత ఉన్నది ఆయనే.