272 లేకపోతే కేంద్రంలో ప్రభుత్వం పడిపోయినట్టేనా?

వైట్‌ఫీల్డ్ తెలుగు:
ఇక్కడ బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ కింద లోక్‌సభ ఎన్నికల మాటొస్తే చాలు, 272 దగ్గర మొదలై అక్కడే ఆగుతుంది. ‘అంతకు తగ్గితే పడిపోయినట్టే’ అని కొందరు, ‘మరి పీవీ అయిదేళ్లు ఎలా నడిపారు’ అని కొందరు. అసలు నిబంధన ఏమిటి? బయటి నుంచి మద్దతు ఇచ్చిన పార్టీ లేఖ వెనక్కి తీసుకుంటే ఏం జరుగుతుంది?

బసవనగుడి రావు:
272 అనే అంకె రాజ్యాంగంలో లేదండీ. 543లో సగం దాటితే వచ్చే లెక్క అది, అంతే. ఆర్టికల్ 100 అడిగేది హాజరై ఓటేసినవాళ్లలో మెజారిటీ. వాకౌట్ చేసినవాళ్లు, తటస్థంగా ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. 1993 జూలై 28న పీవీ ప్రభుత్వంపై అవిశ్వాసానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 ఓట్లు పడ్డాయి. మొత్తం 516, అంటే 259 చాలు. 272 రాకుండానే గట్టెక్కారు.

కొన్ని ఓట్లు ఎలా వచ్చాయన్నది వేరే కథ. జార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) లంచాల కేసులో డబ్బు తీసుకుని ఓటేసిన ఎంపీలకు 1998లో సుప్రీంకోర్టు రక్షణ ఇచ్చింది. దాన్ని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చిలో గానీ కొట్టేయలేదు.

హెబ్బాళ్ శాస్త్రి:
లేఖ సంగతికొస్తే, దాన్ని రాష్ట్రపతికి ఇస్తారు. ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వం పడదు. బలం తేలాల్సింది సభలోనే అని 1994లో మన కర్ణాటక బొమ్మై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సాధారణంగా రాష్ట్రపతి ప్రధానిని విశ్వాసం నిరూపించుకోమంటారు. లేదా ప్రతిపక్షం లోక్‌సభ రూల్ 198 కింద అవిశ్వాసం పెడుతుంది. దానికి 50 మంది లేచి నిలబడాలి, కారణాలు రాయనక్కర్లేదు, అనుమతి వచ్చిన 10 రోజుల్లోపు చర్చ మొదలవ్వాలి.

బయటి మద్దతును కట్టిపడేసే చట్టమేదీ లేదు. ఫిరాయింపుల చట్టం ఎంపీని సొంత పార్టీ విప్‌కే, అంటే ఇలా ఓటేయాలన్న ఆదేశానికే కట్టేస్తుంది, కూటమికి కాదు. దేవెగౌడ గారి విషయంలో కాంగ్రెస్ 1997 మార్చి 30న మద్దతు తీసేసింది. ఏప్రిల్ 11న 158–292తో ఓడిపోయారు.

చాలామంది పొరపడేది ఇంకోటుంది. విప్ ధిక్కరించినా ఆ ఓటు చెల్లుతుంది. అనర్హత వేటు తర్వాతి సంగతి, పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే అదీ ఉండదు. అందుకే ఒక్క ఓటు తేడా ఉన్నప్పుడు విప్‌ను నమ్ముకుని కూర్చోవడం ప్రమాదం.

కోరమంగళ కృష్ణ:
ఒక్క ఓటంటే 1999 ఏప్రిల్ 17. జయలలిత మద్దతు తీసేశాక వాజ్‌పేయి 269–270తో ఓడారు. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటు గురించే అందరూ మాట్లాడతారు. సభాపతి కుర్చీ వంక ఎవరూ చూడరు. ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న టీడీపీకి చెందిన బాలయోగి అప్పుడు స్పీకర్. సరిసమానమైతే తప్ప స్పీకర్‌కు ఓటు లేదు. ఆ పదవి ఏ పక్షం తీసుకున్నా దాని ఖాతాలో ఒక ఓటు తరుగు పడుతుంది. అంచు మీద నడిచే ప్రభుత్వం దీన్ని ముందే లెక్కేసుకోవాలి.

వైట్‌ఫీల్డ్ తెలుగు:
మరి 2024 ప్రభుత్వాన్ని మైనారిటీ అనొచ్చా?

బసవనగుడి రావు:
అనకూడదు. బీజేపీకి విడిగా 240 ఉన్నా, ఎన్డీయేగా ఎన్నికల్లో వచ్చినవి 293. అది మెజారిటీ ఉన్న సంకీర్ణం. టీడీపీ 16, జేడీయూ 12 రెండూ పోతే 265 అవుతుంది, మైనారిటీ మాట అప్పుడు. అప్పుడైనా అవతలివైపు ఎంతమంది బయటికి నడుస్తారో చూడాలి.

హెబ్బాళ్ శాస్త్రి:
బడ్జెట్‌నూ మర్చిపోకండి. ఆర్థిక బిల్లు ఓడినా, ఒక శాఖ ఖర్చుల పద్దును ఒక్క రూపాయికి తగ్గించమనే కోత తీర్మానం నెగ్గినా అవిశ్వాసం నెగ్గినట్టే లెక్క. మైనారిటీ ప్రభుత్వానికి అసలు గండం ఆ రోజుల్లోనే.