చెన్నై నుంచి వెళ్లదగ్గ, జనం తక్కువుండే పాత బౌద్ధ క్షేత్రం ఏదైనా ఉందా?

వేళచ్చేరి వాణి:
వచ్చే నెల నాలుగు రోజులు సెలవు దొరికింది. మా అత్తగారు ఈమధ్య బుద్ధుడి గురించి తెగ చదువుతున్నారు. పాతకాలం కట్టడం, కాసేపు ప్రశాంతంగా కూర్చోగలిగేది చూపించమంటున్నారు. కర్ణాటకలో టిబెటన్ల ఊరు బైలకుప్పె చూశాం, బాగుంది కానీ జనం. ఆవిడకి మోకాళ్లు అంతంతమాత్రం.

ఉలి చప్పుడు:
గుంటుపల్లి వెళ్లండి వాణి గారూ. ఏలూరు జిల్లా, కామవరపుకోట దగ్గర. మాది ఆ చుట్టుపక్కల ఊరేనండి, మా వాళ్లు జీలకర్రగూడెం గుహలంటారు. నేను కోడంబాక్కంలో సినిమా సెట్లకి చెక్కపని చేస్తాను, నా కంటికి ఆనిందే చెప్తాను.

అక్కడ కొండని తొలిచి చేసిన గుండ్రటి చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం ఒకటుంది, క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదంటారు. లోపల అడ్డం 18 అడుగులే. మధ్యలో స్తూపం, చుట్టూ ప్రదక్షిణకి సన్నటి దారి. వెళ్లినవాళ్లంతా స్తూపం చూసి వచ్చేస్తారు. మీరు తల పైకెత్తండి. మన కోస్తా వైపు చుట్టిళ్లలో తాటాకు కింద వాసాలు చుట్టూ గోడ మీంచి లేచి నడినెత్తిన కలుస్తాయి చూడండి, అచ్చం అలాగే రాతిలో చెక్కారు. అడ్డపట్టెలతో సహా! గుమ్మం మీద గుర్రపునాడా ఆకారంలో తోరణం, దాని కింద కూడా వాసాల కొసలు పొడుచుకొచ్చినట్టే ఉంటాయి.

కొండరాయికి వాసాలెందుకండీ? అవి లేకపోయినా కప్పు పడదు. మేం ప్లైవుడ్డు, ప్లాస్టరు పెట్టి రాతికోటలు కడతాం. వాళ్లు రాతితో కర్ర గుడిసె కట్టారు. నన్నడిగితే ఆ చెక్కినాయన అంతకుముందు కర్రపని చేసినవాడే. వాసం ఎక్కడ వంగాలో చెయ్యి తిరిగినవాడికి తప్ప తెలీదు. చదువుకున్నవాళ్లు దీన్ని బీహార్ బరాబర్ కొండల్లోని సుదామ గుహతో పోలుస్తారు, అది అశోకుడి కాలంది.

ఊళ్లోవాళ్లకి మాత్రం ఆ స్తూపం ధర్మలింగేశ్వరుడు. శివరాత్రికి వెళ్లకండి, మీరు వద్దన్న జనమంతా అక్కడే ఉంటారు.

పాత మద్రాసు:
మెట్ల సంగతి చెప్పలేదేం సార్? చైత్యం, భిక్షువుల గదులు, ఇటుక స్తూపాలు అన్నీ కొండ మీదే. మోకాళ్లు బాగాలేని వాళ్లకి అంత తేలిక కాదు.

వాణి గారూ, ముందు ఎగ్మోర్‌లో ఒక పూట గడపండి. కెన్నెట్ లేన్‌లో శ్రీలంక మహాబోధి వాళ్ల విహారం ఉంది, బుద్ధగయకి వెళ్లే సింహళ యాత్రికులు అక్కడ దిగుతుంటారు. అక్కడ పాతకాలం పనితనం ఆశించకండి, కూర్చోడానికి బాగుంటుంది. తర్వాత పాంథియన్ రోడ్డు మ్యూజియంలో అమరావతి గ్యాలరీ. 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఆంగ్లేయ అధికారి అమరావతిలో తవ్వించి మద్రాసు పంపిన పలకల్లో చాలావరకు లండన్ చేరాయి. ఇక్కడ మిగిలినవి కూడా తక్కువేం కాదు. స్తూపం బొమ్మే చెక్కిన పలకలుంటాయి, వాటి ముందు ఆగండి. అమరావతిలో ఇప్పుడు దిబ్బ చూస్తే అర్థం కానిది అక్కడ అర్థమవుతుంది: గోపుర ద్వారం లేదు, చుట్టూ ప్రాకారం, వాకిట సింహాలు, స్తూపానికి నాలుగు దిక్కులా వరసగా నిలబెట్టిన రాతి కంబాలు, వాటినే ఆయక స్తంభాలంటారు. శుక్రవారం మ్యూజియం సెలవు.

వేళచ్చేరి వాణి:
ఇద్దరికీ థాంక్సండీ. అత్తగారికి చదివి వినిపిస్తే రెండూ చూడాల్సిందే అన్నారు, మెట్లు ఆవిడ చూసుకుంటారట. ఉలి గారూ, ఏలూరు నుంచి ఎలా వెళ్లాలి? భోజనం దొరుకుతుందా?

ఉలి చప్పుడు:
ఏలూరు నుంచి నలభై కిలోమీటర్లండి. బస్సయితే కామవరపుకోటలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. అమ్మగారితో కాబట్టి ఏలూరులోనే కారు తీసుకోండి. టిఫినూ మంచినీళ్లూ కామవరపుకోటలోనే చూసుకోండి, కొండ దగ్గర దొరుకుతాయని నమ్ముకోవద్దు. పొద్దున్నే ఎక్కి ఎండ ముదరకముందే దిగిపోండి. చేతిలో మంచి టార్చి ఉండాలి. వెలుగు నేరుగా కొట్టకుండా పక్కనుంచి ఏటవాలుగా వేస్తేనే వాసాలు తేలతాయి. పెద్దావిడ నడవగలిగినంతే నడిపించండి, చైత్యం ఒక్కటి చూసినా చాలు, పై స్తూపం దాకా ఎక్కించకండి.