డిస్క్ హబ్‌ను వదలడం లేదు (కడప)

ముందు బ్రేక్ డిస్కులు మారుస్తున్నా. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం), దాని బ్రాకెట్ విప్పేసినా డిస్క్ హబ్ (చక్రం బిగించే భాగం) నుంచి కదలడం లేదు. సుత్తితో కొట్టొచ్చా అన్నా?

— ముందు డిస్క్‌ను పట్టుకున్న చిన్న స్క్రూ ఉందేమో చూడు. డిస్క్‌లో మరలున్న రెండు రంధ్రాలుంటే (చాలా జపాన్ కార్లలో ఎం8, అంటే 8 మి.మీ. బోల్టు సైజు) బోల్టులు వేసి, మార్చి మార్చి పావు చుట్టు బిగించు, టప్‌మని ఊడొస్తుంది. సుత్తి ఆఖరికే; బేరింగ్‌కు మంచిది కాదు. క్యాలిపర్‌ను బ్రేక్ నూనె గొట్టానికి వేలాడదీయొద్దు, తీగతో స్ప్రింగ్‌కు కట్టు.

— హబ్ ముఖాన్ని ఇనుప బ్రష్‌తో రుద్దు తమ్ముడూ. ఇసుక రేణువంత తుప్పు మిగిలినా డిస్క్ వంకరగా కూర్చుంటుంది, కొన్నాళ్లకు పెడల్ అదురుతుంది. కొత్త డిస్క్ మీది నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడువు. రెండు వైపులా మార్చు, ప్యాడ్లు కూడా కొత్తవే వేయి.

— బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కు. తర్వాత ఖాళీ రోడ్డులో 50 కి.మీ. వేగం నుంచి 10కి మెల్లగా బ్రేక్ వేయి, ఎనిమిది పదిసార్లు, మధ్యలో చల్లారనిస్తూ. అదయ్యాకే గువ్వలచెరువు ఘాట్ దిగు.